ఖజానా తలుపు ఖరీదెంత?

వారసత్వ విభజనలో వాటాలు చెప్పడం కష్టం కాదు. మరణించిన వ్యక్తికి సంతానం ఉంటే భార్యకు ఎనిమిదవ వంతు, కుమారునికి కుమార్తె కంటే రెట్టింపు అని దివ్యఖుర్ఆన్ సూరె నిసా 11, 12 ఆయతులు తేల్చి చెప్పాయి. మదరసాలో పాతికేళ్ళకు పైగా ‘సిరాజీ’ పాఠం చెబుతూ వస్తున్న మాకే కాదు, మా దగ్గర చదువుకునే పదహారేళ్ళ పిల్లలకు సైతం ఆ లెక్క నోటికి వచ్చు. వివాదం లెక్క దగ్గర అరుదుగా వస్తుంది. పంచవలసిన వస్తువు వెల దగ్గర తరచుగా వస్తుంది. బంగారానికి ఏ రోజు ధర ఆ రోజు ఉంటుంది. పొలానికి ఇరుగుపొరుగు పొలాల అమ్మకాలు సాక్ష్యమిస్తాయి. మరి చుట్టుపక్కల ఎవరూ అమ్మని, ఎవరూ కొనని వస్తువు ఒకటి ఇంట్లో ఉంటే దానికి వెల కట్టేదెవరు?

గత ఏడాది మా ముందుకు వచ్చిన అటువంటి వస్తువు ఒక తలుపు. కోస్తాలోని ఒక పాత రేవు పట్టణంలో, బజారు వీధిలో ఉన్న మేడ అది. ఆంగ్లేయుల కాలంలో అందులో ఒక బ్యాంకు శాఖ నడిచింది. బ్యాంకు వేరే భవనానికి వెళ్ళిపోయిన తర్వాత మేడ రెండు చేతులు మారి, చివరకు ఒక తోళ్ళ వ్యాపారి చేతికి వచ్చింది. బ్యాంకు తన బల్లలు, బీరువాలు తీసుకుపోయింది గాని, స్ట్రాంగ్ రూమ్ తలుపును మాత్రం గోడలోనే వదిలేసింది. దాన్ని పెకలించాలంటే సగం గోడ పడగొట్టాలి. ఆ వ్యాపారి మరణించారు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె వారసులు. ఆస్తిని 40 భాగాలు చేస్తే తల్లికి 5, కుమారులకు 14 చొప్పున, కుమార్తెకు 7. ఇందులో ఎవరికీ పేచీ లేదు. మేడను పెద్ద కుమారుడు ఉంచుకుని, తక్కిన వారికి సొమ్ము ఇచ్చేటట్లు ఒప్పుకున్నారు. ఇంజనీరు వచ్చి స్థలానికి, గోడలకు, పైకప్పుకు వెల కట్టి కాగితం రాసి ఇచ్చాడు. అప్పుడు కుమార్తె ఒక్క ప్రశ్న వేసింది: “ఇందులో ఆ ఇనుప తలుపు ఎక్కడుంది, భాయీజాన్?”

పెద్ద కుమారుని సమాధానం వినడానికి సబబుగానే ఉంది. “ఇంటి తలుపులన్నిటికీ విడివిడిగా ధర కడతారా? ఇల్లు అమ్మితే తాళాలు, తాళంచెవులు ఇంటితోపాటే పోతాయని మీరే పాఠం చెప్పారు గదా, హజ్రత్” అన్నాడు. నిజమే, ఆ మాట ఖుదూరీలోనూ ఉంది, హిదాయాలోనూ ఉంది. అతను చిన్నప్పుడు మా దగ్గర ఆ పాఠం చదువుకున్నవాడే. ఇంటికి అతికి ఉన్నది ఇంటితోపాటే పోతుంది. అయితే అదే కారణం చేత దాని వెల కూడా ఇంటి వెలలో కలవాలి కదా! ఇంటితో పాటు వెళ్ళేటప్పుడు తలుపు ఇంటి భాగం, ఇంటికి వెల కట్టేటప్పుడు మాత్రం అది లేనట్టే అనడం కుదరదు. ఈ మాట మేము అనగానే, అతను పాత ఇనుప సామాన్ల వ్యాపారిని పిలిపించాడు. ఆయన తలుపు మీద పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, ఒకటిన్నర టన్ను ఉంటుందని అంచనా వేసి, కిలో లెక్కన ధర చెప్పాడు. తల్లి “ఇక చాలు, వదిలేయమ్మా” అన్నట్టు కూతురి వంక చూసింది.

మన కుటుంబాలలో పాత ఇనుము వ్యాపారం చేసేవారు, తాళాలు బాగుచేసేవారు, ఇనుప పెట్టెలు తయారుచేసేవారు తరతరాలుగా ఉన్నారు. ఇనుము బరువు చూడగానే చెప్పగల ఆ నైపుణ్యం మీద మాకు గౌరవం ఉంది. కాని ఆయనను అడిగింది బరువు. చెప్పిందీ బరువే. అసలు ఆ వస్తువు ఏమిటని ఎవరూ అడగలేదు.

అది ఏమిటో తెలుసుకోవడానికి మేము ఆశ్రయించిన వ్యక్తి ఒక విశ్రాంత హెడ్ క్యాషియరు. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో స్ట్రాంగ్ రూమ్ తాళంచెవులు మొలకు కట్టుకుని తిరిగిన పెద్దమనిషి. మమ్మల్ని “మౌల్వీగారూ” అంటారు, మేము ఆయనను “పంతులుగారూ” అంటాము. ఆయన వచ్చి ముందుగా చేసిన పని, తలుపు మధ్యనున్న ఇత్తడి పలకను తడి గుడ్డతో తుడవడం. పచ్చరంగు నూనెపెయింటు కింద అక్షరాలు బయటపడ్డాయి. చబ్ అండ్ సన్స్ లాక్ అండ్ సేఫ్ కంపెనీ లిమిటెడ్, లండన్.

పేరు చివరనున్న ‘లిమిటెడ్’ అనే చిన్న మాట ఎంత పని చేస్తుందో చూడండి. చబ్ సంస్థ లిమిటెడ్ కంపెనీగా మారింది 1882లో. కనుక ఆ మాట ఉన్న పలక 1882 తర్వాతిదే అయి తీరాలి. చిరునామా కూడా సాక్ష్యమే. సెయింట్ పాల్స్ చర్చ్‌యార్డ్ అని ఉంటే అది పాత కాలపు పలక, క్వీన్ విక్టోరియా స్ట్రీట్ అని ఉంటే తర్వాతిది. ఇక్కడ ఉన్నది క్వీన్ విక్టోరియా స్ట్రీటే. అయితే పలకను ఒక్కదాన్నే నమ్మకూడదని పంతులుగారు హెచ్చరించారు. నాలుగు మరలు విప్పితే పలక ఊడివస్తుంది, మరో తలుపుకు ఎక్కుతుంది. తాళం ఒంటి మీద చెక్కిన సంఖ్య, తాళంచెవి మీది సంఖ్య ఒకదానికొకటి సరిపోవాలి. ఆ సంఖ్యను బట్టి, పాత తాళాలు సేకరించేవారు తయారీ కాలాన్ని సుమారుగా చెప్పగలరు. మరలు ఎన్నడూ కదలనట్లు వాటి గాడిలో పాత రంగు నిండి ఉంటే అది కూడా ఒక గుర్తే.

ఖజానా తలుపు అనగానే సినిమాలలో కనిపించే గుండ్రటి ఉక్కు తలుపు, ఓడ చుక్కానిలాంటి చక్రం చాలామందికి గుర్తుకు వస్తాయి. అది ఎక్కువగా అమెరికా సంప్రదాయం. యార్క్, మోస్లర్, డీబోల్డ్ వంటి సంస్థల తలుపులు అవి. వాటిలో తాళంచెవి ఉండదు, అంకెలు తిప్పే చక్రం ఉంటుంది, తలుపు లోపలి వైపు గడియారాలు ఉంటాయి. 1873లో రోచెస్టర్ నగరంలో జేమ్స్ సార్జెంట్ మొదటిసారిగా పనికివచ్చే గడియారపు తాళం తయారుచేశాడు. నిర్ణయించిన గంట కొట్టేవరకు మేనేజరు తలచుకున్నా తలుపు తెరుచుకోదు. మూడేళ్ళకు, 1876లో, మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ పట్టణంలో దొంగలు బ్యాంకు క్యాషియరును ఇంట్లోనే కట్టేసి, హింసించి అంకెలు చెప్పించారు. ఆ తర్వాత గడియారపు తాళాలకు గిరాకీ పెరిగింది. క్యాషియరు చేతిలో తెరిచే శక్తే లేనప్పుడు అతన్ని హింసించి లాభం లేదు కదా. ఒక గడియారం ఆగిపోయినా తలుపు తెరుచుకోవాలని రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు గడియారాలు పక్కపక్కనే అమర్చేవారు. అటువంటి తలుపులకు అక్కడ వెల కట్టేటప్పుడు మొదట చూసేది ఆ గడియారాలనే. అవి ఊడబెరికి విడిగా అమ్ముకుని ఉంటే తలుపు విలువ పడిపోతుంది.

మన దేశంలో ఆంగ్లేయుల నాటి బ్యాంకులలో కనిపించేవి వేరు. నిలువు చట్రం, దళసరి తలుపు, ఇత్తడి పిడి, రెండు తాళపు రంధ్రాలు, వాటిని కప్పే ఇత్తడి మూతలు. లోపల ఊచల గేటు ఉంటుంది. పగటిపూట పెద్ద తలుపు తెరిచి ఈ గేటు మాత్రం వేసి ఉంచితే గదికి గాలి ఆడుతుంది. చబ్, మిల్నర్, చాట్‌వుడ్ పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. తర్వాతి కాలంలో మన గోద్రెజ్ కూడా. 1897లో బొంబాయిలో అర్దెషిర్ గోద్రెజ్ తాళాలతో మొదలుపెట్టి కొద్ది సంవత్సరాలకే ఇనప్పెట్టెలకు వచ్చారు. విదేశీ పేరు ఉంటేనే విలువ అనుకోవడం తొందరపాటు. తొలినాళ్ళ గోద్రెజ్ పెట్టెలను ఇప్పుడు వెతికి కొనేవారున్నారు.

ఈ తలుపుల చరిత్ర అంతా దొంగకు, తాళం చేసేవాడికి నడుమ సాగిన పోటీయే. 1817లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మౌత్ ఓడల కర్మాగారంలో మారుతాళంతో దొంగతనం జరిగింది. తన సొంత చెవితో తప్ప తెరుచుకోని తాళం కావాలని ప్రభుత్వం బహుమానం ప్రకటించింది. 1818లో జెరిమయా చబ్ ‘డిటెక్టర్’ తాళానికి పేటెంటు పొందాడు. మూడు దశాబ్దాలకు పైగా దానికి ఎదురు లేదన్నారు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన హాబ్స్ అనే అమెరికన్ దాన్ని అందరి ఎదుట తెరిచి చూపాడు. బ్రామా అనే మరో ప్రసిద్ధ తాళాన్ని తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని దుకాణం కిటికీలో సవాలు పలక పెట్టి ఉండేది. పదహారు రోజులలో 51 గంటలు శ్రమించి హాబ్స్ దాన్నీ తెరిచాడు. ఆ దెబ్బతో తయారీదారులు తాళాలు మార్చుకోక తప్పలేదు.

1865లో లండన్ కార్న్‌హిల్‌లో ఒక నగల దుకాణపు మిల్నర్ పెట్టెను దొంగలు తాళం జోలికే పోకుండా, తలుపుకు చట్రానికి నడుమ సన్నని ఉక్కు చీలలు దిగ్గొట్టి తెరిచారు. అప్పటినుంచి తలుపు అంచు చట్రంలో ఎలా కూర్చుంటుందన్నది ముఖ్యమైపోయింది. చీల దూరేందుకు సందు లేకుండా అంచులను మెట్లుమెట్లుగా చేయడం, గడియలు నాలుగు వైపులా చొచ్చుకుపోయేటట్లు అమర్చడం సాధారణమైంది. ఇక నిప్పు సంగతి. పాత పెట్టెల గోడల నడుమ పటిక, రంపపు పొట్టు కలిపి కూరేవారు. మన ఇళ్ళలో బురదనీటిని తేర్చే పటికే. దాని పలుకులలో నీరు బంధమై ఉంటుంది. వేడి తగిలితే ఆ నీరు ఆవిరై వెలువడుతూ, లోపలి కాగితాలు కాలకుండా కాపాడుతుంది. ఇది విన్నాక మాకు తట్టింది: పాత ఇనుము వ్యాపారి లెక్క బరువుగా చూసినా సరికాదు. ఆ బరువులో ఎంత ఇనుము, ఎంత కూరుడు అన్నది ఆయన పిడికిలి చెప్పలేదు.

ఇంత గట్టి తలుపు వెనుక దాచిన సొమ్ము ఎక్కడికీ పోదనుకోవడం మానవ సహజం. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నట్ కంపెనీ దివాలా తీసింది. ఎందరో పెన్షనర్లు, వితంతువులు, చిన్న ఉద్యోగులు దాచుకున్న సొమ్ము పోయింది. కంపెనీ పెద్ద అయిన సర్ జార్జి ఆర్బత్‌నట్‌కు జైలు శిక్ష పడింది. ఏ దొంగా ఆ తలుపుల మీద చేయి వేయలేదు. సొమ్ము కలం దారిన వెళ్ళిపోయింది. పంతులుగారు ఈ కథ చెబుతూ నవ్వారు గాని, గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

తలుపు తెరిచి లోపలి వైపు చూడవలసిన రోజు వచ్చింది. బ్యాంకులలో ఒక నియమం ఉంది. స్ట్రాంగ్ రూమ్‌కు రెండు తాళాలు, రెండు చెవులు, ఇద్దరు మనుషులు. ఒకరు లేకుండా మరొకరు తెరవలేరు. ఆ వ్యాపారి తెలిసి చేశారో, అలవాటుగా చేశారో గాని, ఇంట్లో కూడా అదే పద్ధతి పాటించారు. ఒక చెవి తన దగ్గర, రెండవది భార్య పాన్‌దాన్‌లో. ఆయన చెవి ఇప్పుడు పెద్ద కుమారుని దగ్గర ఉంది. అతను తన చెవి పెట్టి తిప్పాడు, తాళం మెత్తగా తిరిగింది. తల్లి తన చెవి ఇచ్చింది. అది రంధ్రంలోకి సాఫీగా దిగింది గాని, ఎంత తిప్పినా తిరగలేదు.

“తుప్పు పట్టింది హజ్రత్. ఇక ఇది పాత ఇనుమే” అన్నాడు పెద్ద కుమారుడు.

పంతులుగారు రంధ్రంలోకి టార్చి వేసి చూశారు. తుప్పు లేదు. తాళంచెవి కొసను వేలితో తడిమారు. “ఈ తాళంలో మరో చెవి ఏదైనా పెట్టి తిప్పారా?” అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన అదే చెవిని మళ్ళీ పెట్టి, తెరిచే వైపు కాకుండా, తాళం వేసే వైపు కొంచెం తిప్పారు. లోపల ఎక్కడో చిన్నగా ‘టక్’మంది. ఆ తర్వాత తెరిచే వైపు తిప్పితే తాళం వెన్నలా తిరిగింది.

డిటెక్టర్ అనే పేరు ఎందుకు వచ్చిందో అప్పుడు చెప్పారు. తాళం లోపల పలుచని లివర్లు వరుసగా ఉంటాయి. సరైన చెవి ఒక్కొక్క లివరును ఎంత ఎత్తాలో అంతే ఎత్తుతుంది. మారుచెవితోగాని, కమ్మీతోగాని ప్రయత్నిస్తే ఏదో ఒక లివరు ఉండవలసిన దానికంటే పైకి లేస్తుంది. వెంటనే ఒక కొక్కెం దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. ఇక అసలు చెవికి కూడా తాళం తెరుచుకోదు. ఎవరో తన తాళాన్ని ముట్టుకున్నారని యజమానికి అలా తెలుస్తుంది. చెవిని వెనక్కి తిప్పితే కొక్కెం వదులుతుంది. తాళం దొంగను ఆపడంతో సరిపెట్టుకోదు, దొంగ వచ్చిన సంగతిని యజమానికి చెప్పి పెడుతుంది.

కాసేపటికి పెద్ద కుమారుడే అన్నాడు: “అమ్మీని ప్రతిసారీ లేపడం ఎందుకని పోయిన నెల మారుతాళం చేసేవాణ్ణి పిలిచాను. వాడి వల్ల కాలేదు.” తల్లి పాన్‌దాన్ మూత వేసి, తెరిచి, మళ్ళీ వేసింది. అంతకుమించి ఎవరూ తరచలేదు. మేమూ తరచలేదు. అతని మాట నిజమే కావచ్చు. అయితే ఆ తలుపు వెలను అతను ఒక్కడే నిర్ణయించకూడదన్న సంగతి మాత్రం ఆ గదిలో అందరికీ అర్థమైంది.

లోపల తోళ్ళ లెక్కల పుస్తకాలు, ఒక ఇత్తడి త్రాసు, చెడిపోయిన టేబుల్ ఫ్యాను ఉన్నాయి. మాకు కావలసింది తలుపు లోపలి వైపు. గడియలు నాలుగు వైపులా ఉన్నాయి. పిడి తిప్పితే అన్నీ ఒకేసారి కదిలాయి. తాళాల మీది సంఖ్యలు చెవుల మీది సంఖ్యలతో సరిపోయాయి. ఊచల గేటు ఉంది, దాని చెవి మాత్రం లేదు. తలుపు మీద ఎక్కడా గ్యాస్ కట్టరు పెట్టిన గుర్తుగాని, డ్రిల్లుతో వేసిన రంధ్రంగాని లేదు. బయట పచ్చరంగు తర్వాత ఎవరో పూసినది. దాన్ని గీకి తళతళలాడే రంగు వేయించాలని చిన్న కుమారుడు ఉత్సాహపడ్డాడు. పంతులుగారు వద్దన్నారు. పాత వస్తువుల మీది కొత్త మెరుగు వెలను పెంచదు, తగ్గిస్తుంది. గోడ నుంచి పెకలించేటప్పుడు చట్రాన్ని కోసివేస్తే తలుపు ఒక ఇనుప పలకగా మిగులుతుంది. చట్రంతో కలిసి ఉన్నప్పుడే అది ఖజానా తలుపు. లోపలి కూరుడును కుతూహలం కొద్దీ బద్దలు కొట్టి చూడవద్దని కూడా చెప్పారు. కొన్ని పాత పెట్టెలలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు.

వెల కట్టడానికి ఇద్దరిని అడిగాము. ఒకరు ముంబయి చోర్ బజారు మటన్ స్ట్రీట్‌లో పాత వస్తువుల వ్యాపారి, మరొకరు కారైకుడిలో పాత మేడల ద్వారబంధాలు, స్తంభాలు కొని అమ్మే వ్యక్తి. ఫొటోలు, కొలతలు, సంఖ్యలు పంపాము. ఇద్దరూ ముందు అడిగినది ఒకే ప్రశ్న: చెవులు రెండూ ఉన్నాయా? రెండవది: గోడలోంచి ఎవరు తీస్తారు? ఇటువంటి తలుపును కొనేవారు ఎక్కువగా హోటళ్ళు, పాత భవనాలను బాగుచేసి దుకాణాలుగా మార్చేవారు. తలుపు విలువ ఒక లెక్క, దాన్ని తీసి క్రేనుతో దింపి లారీ ఎక్కించే ఖర్చు మరో లెక్క. రెండవది మొదటిదానిలో చాలా భాగం మింగేస్తుంది. ఆ ఖర్చు తీసివేసిన తర్వాత కూడా ఇద్దరూ చెప్పిన ధరలు పాత ఇనుము ధరకు నాలుగింతలు పైబడి ఉన్నాయి. వారిద్దరి మధ్య తేడా స్వల్పం.

ఇక్కడ పెద్ద కుమారుని పక్షాన ఒక న్యాయం ఉంది. “నేను తలుపు తీయడం లేదు, ఇంట్లోనే ఉంచుకుంటాను. అయినా తీసే ఖర్చు మినహాయించాలి, ఎందుకంటే కొనేవాడెవడూ అది మినహాయించకుండా ఇవ్వడు” అన్నాడు. అది సరైన మాటే. వస్తువు ఉన్నచోట ఉన్నట్టుగా కొనేవాడు ఏమిస్తాడో అదే దాని వెల. మేము ఒప్పుకున్నాము. ఈ సమయంలోనే చిన్న కుమారుడు జిద్దాలోని తన స్నేహితుడొకరు హోటలు కోసం తలుపును ఎక్కువ ధరకు అడుగుతున్నాడన్నాడు. ఆ ధరను లెక్కలోకి తీసుకోలేమని చెప్పవలసి వచ్చింది. 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. తలుపు వయసు ఆ గీతకు అటో ఇటో ఉన్నది. పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న పత్రం లేకుండా ఆ ఆశ పెట్టుకోవడం తగదు.

ఫిఖ్హ్ గ్రంథాలలో ‘గబ్నె ఫాహిష్’ అని ఒక మాట ఉంది. ఘోరమైన ధర నష్టం అని అర్థం. హనఫీ పండితులు దానికిచ్చిన నిర్వచనం మాకు ఎప్పుడూ అద్భుతంగా తోస్తుంది. వెల కట్టడం తెలిసినవారు కట్టే వెలలలో ఏ ఒక్కదాని పరిధిలోకీ రానంత తేడా ఉంటే అది గబ్నె ఫాహిష్. ఇద్దరు నిపుణులు రెండు ధరలు చెబితే, వాటి నడుమ ఉన్న తేడా సహజం. ఇద్దరూ చెప్పని ధర అసహజం. ఉస్మానియా రాజ్యంలో 19వ శతాబ్దిలో కూర్చిన ‘మజల్లా’ ఈ సూత్రాన్ని అంకెలలో పెట్టింది: సామానులో ఇరవయ్యవ వంతు, పశువులలో పదవ వంతు, స్థిరాస్తిలో ఐదవ వంతు. గోడలో దిగిన తలుపు సామానా, స్థిరాస్తా అని మా విద్యార్థులు రెండు రోజులు వాదించుకున్నారు. వాదన మంచిదే గాని, ఇక్కడ దాని అవసరం లేదు. పాత ఇనుము ధర ఏ వంతు లెక్కన చూసినా ఘోరమే.

అసలు కష్టం ఫిఖ్హ్‌లో లేదు, తల్లి ముఖంలో ఉంది. “అన్నయ్యే కదా, వదిలేస్తే ఏమవుతుంది? పండుగకు పుట్టింటికి రావద్దా?” అని ఆమె కూతురితో అనడం మేము విన్నాము. ఈ మాట మన ఇళ్ళలో ఎన్ని ఆడబిడ్డల వాటాలను మింగిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆడబిడ్డ తన వాటాను ఇష్టపూర్వకంగా వదులుకోవచ్చు, ఆ హక్కు ఆమెకుంది. కాని అది ఎంతో ఆమెకు చెప్పకుండా వదిలేయమని అడగడం ఆ హక్కును గౌరవించడం కాదు. మేము తల్లి ఎదుటనే ఒక కాగితం మీద లెక్క రాసి చూపాము. తలుపు వెల ప్రతి లక్షలోనూ కూతురికి 17,500, తల్లికి 12,500, కుమారులకు 35,000 చొప్పున. తల్లి తన అంకెను చూసి ఆగిపోయింది. తన వాటా కూడా ఆ తలుపులో ఉందని అంతవరకు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె ఇక ‘వదిలేయ్’ అనలేదు. ఇద్దరు వ్యాపారులు చెప్పిన ధరలలో తక్కువదాన్ని తీసుకుందామని కూతురే ప్రతిపాదించింది. పెద్ద కుమారుడు ఒకటి రెండు సార్లు లెక్క తిరగేసి, సరేనన్నాడు. ఇంజనీరు కాగితం కింద తలుపు వెలను చేర్చి, మొత్తం మీద వాటాలు మళ్ళీ వేశాము. అందరూ సంతకాలు చేశారు. పంతులుగారు, మేము సాక్షులము.

తల్లి వాటా, చెల్లెలి వాటాలో సగం ఆ వారంలోనే ముట్టాయి. మిగిలిన సగం రమజాన్ తర్వాత ఇచ్చేటట్లు రాసుకున్నారు. తలుపు ఆ గోడలోనే ఉంది. రెండు చెవులలో ఒకటి పెద్ద కుమారుని దగ్గర, రెండవది ఇప్పటికీ తల్లి పాన్‌దాన్‌లోనే ఉన్నాయి. బాకీ తీరేవరకు అది అక్కడే ఉండాలన్నది తల్లి పెట్టిన షరతు.